పాత గిటార్ టోన్, కొత్త సామగ్రి: చెన్నై ఫ్లాటులో దేన్ని ఎంచుకోవాలి?

పాత ఎలక్ట్రిక్ గిటార్ టోన్ కావాలని సలహా అడిగేవారిలో ఎక్కువమంది మొదట గిటార్ సంగతే ఎత్తుతారు; డబ్బు కూడా మొదట అక్కడే ఖర్చుపెడతారు. నా లెక్కలో ఆ వరుస తలకిందులైనది. 1950లు, 60ల నాటి రికార్డులలో మన చెవిని పట్టి నిలిపిన ధ్వనిలో గిటార్‌కు వాటా ఉంది గానీ, దానికి రంగూ జీవమూ పోసినవి యాంప్లిఫయర్, దాని స్పీకర్, ఆ స్పీకర్ ముందు నిలబెట్టిన మైకు, చివరికి ఆ శబ్దాన్ని ఎక్కించుకున్న టేపు. కాబట్టి ఏది కొనాలో తేల్చుకునేటప్పుడు స్పీకర్ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ గిటార్ దగ్గరికి చేరుకోవడం మంచిది.

ఆ మధ్య వడపళనిలో మా వీధి తెలుగు కుర్రవాడొకడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఖరీదైన స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ సంస్థ గిటార్, క్లుప్తంగా స్ట్రాట్) కొని తెచ్చుకుని, "అన్నా, గిటార్ అసలుదే, టోన్ మాత్రం రావట్లేదు, పికప్‌లు మార్చేద్దామా?" అని అడిగాడు. పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతపు తీగచుట్ట. వెళ్లి చూస్తే, అతడి గిటార్ మూడు మీటర్ల కేబుల్ ద్వారా గిటార్ సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెలోకి, అక్కడినుంచి కంప్యూటర్ పక్కన ఉన్న రెండు బల్ల స్పీకర్లలోకి వెళుతోంది. సాఫ్ట్‌వేర్‌లో యాంప్ ఉంది, స్పీకర్ పెట్టెను అనుకరించే భాగం మాత్రం ఆపేసి ఉంది. 1957 నాటి అసలు పికప్‌లు తెచ్చి బిగించినా ఆ అమరికలో కందిరీగల రొదే వినిపిస్తుంది. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన తరువాత దాదాపు చేతులెత్తేస్తుంది. యాంప్‌లో పుట్టిన గరుకు అంచులను అది జల్లెడ పట్టి, మనకు మెత్తని భాగాన్ని మాత్రమే వదులుతుంది. బల్ల స్పీకర్లు 20 కిలోహెర్ట్జ్ వరకు ఏదీ దాచకుండా వినిపిస్తాయి. అతడు పోగొట్టుకున్నది ఆ జల్లెడను.

ఏ పాతదనం?

పాత టోన్ అన్న ఒక్క మాట కింద కనీసం మూడు కుటుంబాలు ఉన్నాయి. మొదటిది అమెరికాలోని ఫెండర్‌ది. 1963లో వచ్చిన డీలక్స్ రివర్బ్‌నే తీసుకుంటే, రెండు 6వి6 వాల్వులతో (సంకేతాన్ని పెంచే పాతకాలపు గాజు గొట్టాలు) 22 వాట్లు ఇచ్చి, ఒకే 12 అంగుళాల స్పీకర్‌తో పలికే ఆ యాంప్ మామూలుగా తేటగా ఉండి, గట్టిగా మీటినప్పుడు మాత్రమే అంచున జీర పోతుంది. రెండోది ఇంగ్లండుకు చెందిన వాక్స్ ఏసీ 30. నాలుగు ఇఎల్ 84 వాల్వులు, రెండు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు ఉన్న ఈ యాంప్ పవర్ భాగంలో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సంకేతంలో కొంత వెనక్కి పంపి జీరను అణిచే ఏర్పాటు) లేనందువల్ల తేటదనం ఎక్కడ ఆగిందో, జీర ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేము.

మూడో కుటుంబం కథ మన ఎంపికకు అన్నిటికంటే బాగా పనికివస్తుంది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం నుంచి వచ్చిన జేటీఎం 45 సర్క్యూట్ దాదాపు పూర్తిగా ఫెండర్ వారి బాస్‌మన్ యాంప్‌ను చూసి రాసుకున్నదే. అయితే బాస్‌మన్‌లో వెనుక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు ఉండేవి. మార్షల్ వారు మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్లు బిగించారు. వాల్వులు, స్పీకర్లు, పెట్టె మారేసరికి ఒకే సర్క్యూట్ రెండు వేర్వేరు గొంతులతో పలికింది. స్పీకర్ నుంచి వెనక్కి రమ్మని నేను చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడదు.

ఈ మూడింటిలో మీ చెవి దేన్ని వెతుకుతోందో రికార్డులు విని ముందుగా రాసుకోండి. మూడూ కావాలనుకునేవారికి ఒక దారి, ఒక్కటి చాలుననుకునేవారికి మరొక దారి ఉన్నాయి.

జీర, దాని వెల

తంబురాలో తీగ కింద నూలుపోగును వెంట్రుకవాసి జరిపినప్పుడు శ్రుతి ఒక్కసారిగా మేలుకుంటుంది. జీవా అనే ఆ గుణాన్ని ఎరిగినవారికి వాల్వ్ యాంప్‌లో జరిగేది సులభంగా అర్థమవుతుంది. వాల్వును దాని హద్దు వరకు నెట్టినప్పుడు అలల శిఖరాలు మొద్దుబారి, కొత్త అనుస్వరాలు పుట్టి, స్వరం ఒత్తుకుని సాగుతుంది. ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా వాల్వే అయిన యాంప్‌లలో గట్టిగా మీటిన క్షణాన వోల్టేజి కాస్త కుంగి, మళ్లీ లేస్తుంది. వేలి కింద మెత్తగా అనిపించే ఆ స్పర్శకు కారణం అదే. గిటార్ మీద గమకాలు పలికించాలనుకునే మన కర్ణాటక సంగీత అభ్యాసకులకు ఈ సాగుదల చాలా అక్కరకు వస్తుంది. పాలకొల్లులో పుట్టి ఈ ఊళ్లో స్థిరపడిన యు. శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను పక్కనపెట్టి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎందుకు చేతపట్టారో తలచుకుంటే, స్వరం నిలబడడం ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

చిక్కంతా ఈ జీర శబ్దం పెంచినప్పుడే రావడంలో ఉంది. వాట్లు తగ్గించిన యాంప్ కొంటే చాలునని చాలామంది అనుకుంటారు. చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే శక్తిని పదో వంతుకు తగ్గించాలి. అంటే 5 వాట్ల యాంప్ 50 వాట్ల యాంప్‌లో సగం గట్టిగా వినిపిస్తుందన్నమాట. మామూలు గిటార్ స్పీకర్‌కు ఒక్క వాటు అందిస్తే మీటరు దూరంలో 97 డెసిబెల్స్‌కు అటూఇటుగా వస్తుంది. నివాస ప్రాంతాలకు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన ప్రమాణం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూసినవారు ఫ్లాటులో వాల్వ్ యాంప్‌ను దాని సహజ స్థితిలో వాయించగలమన్న ఆశ వదులుకుంటారు. నా 15 వాట్ల యాంప్ వాల్యూమ్‌ను నాలుగు దాటించిన సాయంత్రం కింది అంతస్తు మామి పైకి వచ్చి, కోపమేమీ లేకుండానే, "మిక్సీ రిపేరా, తంబీ?" అని అడిగి వెళ్లారు.

మూడు దారులు

మొదటి దారి అసలైన వాల్వ్ యాంప్. వారానికి ఒక్కసారైనా గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూములోనో, వేదిక మీదో వాయించేవారికి నేను దీన్నే చెబుతాను. 15 నుంచి 22 వాట్ల లోపు, ఒకే 12 అంగుళాల స్పీకర్ ఉన్నది చాలు. ఇంట్లో వాడాలంటే యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యుయేటర్ పెట్టాలి. అది శక్తిని వేడిగా మార్చి మింగేస్తుంది. పది డెసిబెల్స్ వరకు తగ్గించినప్పుడు టోన్ బాగానే నిలుస్తుంది. ఇరవై దాటిస్తే, స్పీకర్ కాగితం శ్రమపడడం ఆగిపోవడం ఒక కారణంగా, తక్కువ శబ్దంలో మన చెవి మంద్రాన్నీ తారాన్నీ సరిగా పట్టుకోలేకపోవడం మరో కారణంగా, ధ్వని దుప్పటి కప్పినట్టు అవుతుంది. స్పీకర్ గానీ, దానికి బదులు తగిన లోడ్ గానీ తగిలించకుండా వాల్వ్ యాంప్‌ను ఎన్నడూ వాయించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిపెట్టే యాంప్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం తయారైనది. మన గోడలో ఉన్నది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యాంప్ వెనుక రాసిన వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం గల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, దానికి సరైన ఎర్తింగ్ తప్పనిసరి. అప్పటికీ 60 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. నిజంగా పాతదైన యాంప్ కొనేవారు లోపల విద్యుత్తును నిలవచేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్పించే ఖర్చును ధరలో కలుపుకుని చూడాలి. ఆ పని సొంతంగా చేయవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా ఆ కెపాసిటర్లలో ప్రాణం తీయగల 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

రెండో దారి ఆధునికమైన చిన్న యాంప్, దాని ముందు ఒకటి రెండు పెడల్స్ (కాలితో నొక్కి ధ్వనిని మార్చే చిన్న పెట్టెలు). ఖర్చు, బరువు, మరమ్మతు అన్నీ తక్కువ. బాస్ కటానా 50 లాంటి యాంప్‌లో శక్తిని అర వాటుకు దించుకునే స్విచ్ ఉంటుంది. ఫెండర్ 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ పాత పెట్టె రూపంలోనే ఉండి, లోపల డిజిటల్‌గా పనిచేస్తూ, వాల్వ్ యాంప్‌లో దాదాపు సగం బరువే తూగుతుంది; లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండేవారికి ఇది చిన్న సంగతి కాదు. పెడల్స్‌లో 1970ల చివర వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ సంతతి అన్నిచోట్లా దొరుకుతుంది. అయితే అది మంద్రాన్ని కోసి మధ్యస్థాయిని ముందుకు తెచ్చే పెడల్ కాబట్టి, జీర అంచున ఉన్న యాంప్‌ను ముందుకు నెట్టడంలో రాణించినంతగా పూర్తిగా తేటగా ఉన్న యాంప్ ముందు రాణించదు. పెడల్ డ్రైవ్ నాబ్ తక్కువలోనూ, లెవెల్ నాబ్ ఎక్కువలోనూ ఉంచి మొదలుపెట్టండి.

ఫజ్, అంటే స్వరాన్ని మందంగా గరుకుగా చేసే పెడల్, కొనేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ తెచ్చిన ఫజ్ ఫేస్‌లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి, నేటి నకళ్లలో కూడా అవి దొరుకుతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. జెర్మేనియం అంత దూరం కూడా ఆగదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దానిలోని లీకేజి కరెంటు సుమారు రెట్టింపవుతుంది, దానితో బయాస్, అంటే ట్రాన్సిస్టర్‌ను సరైన స్థితిలో నిలిపే వోల్టేజి, చోటు తప్పుతుంది. ఒక మే నెల మధ్యాహ్నం మేడమీది రేకుల గదిలో రిహార్సల్ చేస్తుండగా, నా ఫజ్ సాగే స్వరాన్ని సగంలో కత్తెరతో తెంపినట్టు ఆపేయడం మొదలుపెట్టింది. బ్యాటరీ మార్చినా ఫలితం లేదు. కిందికి తెచ్చి ఏసీ ఎదురుగా పావుగంట ఉంచితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ పాడింది. బయాస్ నాబ్ బయటికి ఉన్న జెర్మేనియం పెడల్ గానీ, సిలికాన్ ట్రాన్సిస్టర్ల పెడల్ గానీ మన వాతావరణానికి తగినవి.

మూడో దారి పూర్తిగా డిజిటల్. లైన్ 6 హీలిక్స్ లాంటి మోడలర్లు సర్క్యూట్ నడతను లెక్కలతో అనుకరిస్తాయి. కెంపర్, క్వాడ్ కార్టెక్స్ లాంటివి ఒక నిజమైన యాంప్ ప్రవర్తనను నమూనాగా పట్టి దాచుకోగలవు. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అదే పనిని కంప్యూటర్‌లో చేస్తుంది. వీటిపై వినిపించే ప్రధానమైన ఫిర్యాదు, "గదిలో యాంప్ ఉన్నట్టు అనిపించదు" అన్నది. ఆ మాట నిజం. కానీ మనలో ఎంతమంది 1965 నాటి యాంప్‌ను దాని ఎదుట నిలబడి విన్నాము? చెన్నైలోనో రాజమండ్రిలోనో పెరిగిన మనకు ఆ టోన్ క్యాసెట్లోంచి, రేడియోలోంచి, సీడీలోంచి వచ్చింది. అంటే మైకు, మిక్సింగ్ కన్సోల్, టేపు, ప్లేట్ రివర్బ్ (లోహపు రేకుతో పుట్టించే ప్రతిధ్వని) దాటుకుని వచ్చింది. మైకు పెట్టిన స్పీకర్ స్పందనను పట్టి దాచిన ఫైలునే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు, వాడుకలో ఐఆర్. ఫ్లాటులో హెడ్‌ఫోన్స్‌తో వాయించేవారికి మోడలర్, మంచి ఐఆర్ కలిసి మనం నిజంగా విన్న ధ్వనికి అన్నిటికంటే దగ్గరగా తీసుకువెళతాయి. దీన్ని గతిలేక చేసే సర్దుబాటుగా నేను చూడను. మూడు కుటుంబాలూ కావాలనేవారికైతే వేరే దారి కూడా లేదు.

ఈ దారిలో పడేవారు వందల ఐఆర్‌లు దింపుకుని వాటిలో కొట్టుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. మీ కుటుంబానికి తగిన పెట్టె ఒకటి ఎంచుకుని, 1965 నుంచి వాడుకలో ఉన్న షూర్ ఎస్ఎం 57 మైకుతో పట్టిన ఐఆర్ ఒక్కటి తీసుకుని, నెలరోజులు దాన్ని మార్చకుండా వాయించండి. 80 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోత పెట్టండి. ఆ తరువాత చిటికెడు టేప్ అనుకరణ, కొద్దిగా ప్లేట్ రివర్బ్ చేరిస్తే చాలు. కంప్యూటర్ వాడేవారికి ఆలస్యం గురించి భయం ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లు, రాకపోకలు, ఇంటర్‌ఫేస్ ఆలస్యం కలిపి 8 మిల్లీసెకన్లు అయినా, అది స్పీకర్‌కు మూడు మీటర్ల లోపు దూరంలో నిలబడి వినడంతో సమానం.

లోపాలు లేకపోలేదు. పట్టి దాచిన నమూనాలో యాంప్ నాబ్‌లు ఆ ఒక్క స్థితిలో గడ్డకట్టి ఉంటాయి. స్పీకర్ గాలి తీగను కదిలించి స్వరాన్ని ఆగకుండా పాడించే ఫీడ్‌బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో పుట్టదు. నిజమైన ఫజ్ ఫేస్‌ను మోడలర్ ముందు పెట్టేవారు దానికి గిటార్‌కు మధ్య బఫర్ (సంకేతాన్ని బలపరిచే సర్క్యూట్) ఉన్న పెడల్ ఏదీ లేకుండా చూసుకోవాలి. ఫజ్ ఫేస్ గిటార్ పికప్‌ను నేరుగా తాకినప్పుడే సరిగా పలుకుతుంది.

ఇల్లే లోకమైనవారికి మూడో దారి, బృందంతో వాయించేవారికి మొదటిది, రెండింటికీ మధ్య ఉండి నాబ్‌లు తిప్పడమే తప్ప స్క్రీన్ చూడడం ఇష్టంలేనివారికి రెండోది నేను సూచించేవి. డబ్బు అడ్డుకాకపోతే, వాల్వ్ యాంప్ కొని, దాన్ని ఐఆర్ ఉన్న రియాక్టివ్ లోడ్ పెట్టెలోకి (స్పీకర్‌కు బదులు యాంప్ శక్తిని మోసే పెట్టె) పంపి, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్‌తో వాయించే పద్ధతి మూడింటినీ కలిపేస్తుంది. ఇప్పుడు నేను వాడుతున్నది అదే.

ఇక గిటార్ వైపు

వెనక్కి నడుస్తూ గిటార్‌ను చేరేముందు కేబుల్ తగులుతుంది, చౌకగా దొరికే పాతదనం ఎక్కువగా ఇక్కడే ఉంది. పికప్ తీగచుట్ట, కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుత్తును నిలుపుకునే గుణం) కలిసి ఒక ధ్వని శిఖరాన్ని ఏర్పరుస్తాయి. మామూలు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు ఉంటాయి. స్ట్రాట్ పికప్‌కు మూడు మీటర్ల కేబుల్ తగిలిస్తే ఆ శిఖరం 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది; పది మీటర్లది తగిలిస్తే 3 దగ్గరికి దిగుతుంది. ఆనాటి వారు పొడవైన చుట్టల కేబుళ్లు వాడేవారు. మనం ఇంట్లో పొట్టి కేబుల్‌తో, కొన్నిసార్లు వైర్‌లెస్‌తో వాయిస్తూ టోన్ గుచ్చుకుంటోందని పికప్‌లను తప్పుపడతాము.

వడపళని కుర్రవాణ్ని ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే రిచీ స్ట్రీట్‌కు పంపి 470 పికోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్లు తెప్పించాను. ఐదారు రూపాయల వ్యవహారం. గిటార్ జాక్ పలకను విప్పి, దాని రెండు కాళ్లను జాక్‌లోని సిగ్నల్ కొనకూ ఎర్త్ కొనకూ టంకం పెట్టాము. దాదాపు ఐదు మీటర్ల కేబుల్ కలిపినంత పని ఆ పప్పుబద్దంత ముక్క చేసింది. సాఫ్ట్‌వేర్‌లో స్పీకర్ భాగాన్ని ఆన్ చేసి, గిటార్ వాల్యూమ్‌ను పది నుంచి ఏడుకు దించి మీటమన్నాను. యాంప్‌ను జీర అంచున నిలిపి, మిగిలినదంతా గిటార్ నాబ్‌తోనూ వేళ్ల ఒత్తిడితోనూ నడపడం ఆనాటి వాద్యకారుల అలవాటు. పది మీదే నాబ్‌ను వదిలేసి పెడల్ తొక్కడం తరువాత వచ్చిన అలవాటు.

తీగల విషయంలో నికెల్ పూత వేసిన ఉక్కు తీగలకంటే స్వచ్ఛమైన నికెల్ చుట్టినవి మెత్తగా, పాతకాలానికి దగ్గరగా పలుకుతాయి. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ వైపు ఉండేవారికి ఉప్పుగాలి వల్ల ఏ తీగలైనా త్వరగా తుప్పుపడతాయి. తుప్పు ఇచ్చే మందకొడితనాన్ని పాత టోన్ అని పొరబడవద్దు, తుడిచి గుడ్డ కప్పి ఉంచండి. పాట్‌లు (నాబ్‌ల కింది భాగాలు) గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

పికప్‌లు అన్నిటికంటే చివర రావాలి. హమ్ అనే కరెంటు రొదను తగ్గించే రెండు చుట్టల హంబకర్ పికప్‌లు కోరేవారు 1957లో గిబ్సన్ గిటార్లలో మొదలైన పీఏఎఫ్ అనే హంబకర్ తరహాలో, తక్కువ చుట్లతో, 7 నుంచి 8.5 కిలోఓమ్‌ల మధ్య ఉన్నవి చూడాలి. హెవీ మెటల్ సంగీతం కోసం బలంగా చుట్టినవి ఎంత ఖరీదైనవైనా ఈ పనికి రావు. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లు వాడేవారు కంప్యూటర్ మానిటర్‌కు పక్కకు తిరిగి కూర్చుంటే హమ్ చాలావరకు తగ్గుతుంది.

ఆ కుర్రవాడు పికప్‌ల ఆలోచన మాత్రం ఇంకా మానలేదు. పికప్ అయస్కాంతాల్లో ఆల్నికో 2 మంచిదా, 5 మంచిదా అని నిన్న కూడా మెట్ల మీద ఆపి అడిగాడు. 2 కాస్త మెత్తనిదనీ, 5 కాస్త బిగువైనదనీ చెప్పి, ముందుగా ఇప్పుడున్న పికప్‌లనే స్క్రూడ్రైవర్‌తో రెండు మిల్లీమీటర్లు కిందికి దించి వారం రోజులు వాయించమన్నాను. అయస్కాంతం తీగను లాగడం తగ్గితే స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. నచ్చకపోతే అదే స్క్రూను వెనక్కి తిప్పుకోవచ్చు.